ఈగలు వాలిన మంచం

రూపశ్రీకి చిత్తూరు చూపిస్తానని పవిత్ర మూడు నెలలుగా ఊరిస్తూనే ఉంది. జూన్‌లో పరీక్షలయిపోయిన మొదటి శనివారం అది కుదిరింది.

రూపశ్రీది మారిషస్. తాతలనాడు చెరుకు తోటల పనికని ఓడెక్కి వెళ్ళిన కుటుంబం. ఇంట్లో మాట్లాడేది క్రియోల్. తెలుగు మాత్రం ఆదివారం బడిలో, పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకుంది. పశువైద్యం చదవడానికి తిరుపతికి వచ్చిన కొత్తలో హాస్టల్ మెస్సులో "దయచేసి కొంచెం చారు వడ్డించండి" అని అడిగితే, వడ్డించే ఆమె గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. అది జరిగి రెండేళ్ళు. ఇప్పుడు చారు అడగడం వచ్చింది, బస్సులో సీటు కోసం పోట్లాడడం కూడా వచ్చింది. రానిదల్లా ఒకటే. పురుగులు పట్టిన పుండును చూసి తట్టుకోవడం. క్లినిక్కు తోలుకొచ్చే ఆవుల్లో వారానికి ఒకటైనా అటువంటిది ఉండేది. తక్కినవాళ్ళు పట్టకారు తీసుకుని ఏరుతూ కూర్చుంటే, రూపశ్రీ గోడ చాటుకు పోయి కడుపులోది కక్కుకుని వచ్చేది.

పవిత్రది నగరి. ఇంటినిండా మగ్గాలు. భవితది సత్యవేడు దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. ముగ్గురిదీ హాస్టల్లో ఒకే గది. శనివారం చిత్తూరు బజారు, సాయంత్రం సినిమా, ఆదివారం పొద్దున కాణిపాకం దర్శనం, చీకటి పడేలోగా హాస్టల్. ఇదీ వాళ్ళు వేసుకున్న లెక్క. ముహూర్తాల రోజులు కావడంతో లాడ్జీల్లో గదులు దొరకలేదు. పవిత్ర నాయన మునిచంద్ర, తన దగ్గర దుకాణానికి తువ్వాళ్ళు కొనే దేవరాజులుకు ఫోన్ చేశాడు. ఆడపిల్లలు లాడ్జీలో ఎందుకప్పా, మా ఇల్లుండగా, అన్నాడట ఆయన. మాటల్లో మునిచంద్ర, పిల్లలు డాక్టరు చదువు చదువుతున్నారని గొప్పగా చెప్పాడు. ఏ డాక్టరు అనేది చెప్పలేదు.

బస్సు చిత్తూరు చేరేసరికి పదకొండయింది. దేవరాజులు ఇల్లు ఊరి చివర, మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ వెనక వీధిలో ఉంది. ఫ్యాక్టరీ ముందు కాయల ట్రాక్టర్లు అర మైలు దూరం బారులు తీరి ఉన్నాయి. రోడ్డు పక్క గుంతలో తొక్కలూ టెంకలూ గుట్టలుగా పడి ఎండకు ఉడుకుతున్నాయి. ఆ తీపి వాసన మొదట రూపశ్రీకి బాగానే అనిపించింది. వాళ్ళ ఊళ్ళో చక్కెర మిల్లు నడిచే రోజుల్లో గాలి ఇట్లాగే ఉంటుంది. రెండడుగులు వేశాక ఆ తీపి కింద మరొకటి తగిలింది. పులిసినది. ముక్కులోంచి గొంతులోకి దిగి, నాలుక వెనక కూర్చునేది.

"సీజన్ అయ్యేదాకా ఇంతే," అన్నాడు దేవరాజులు నవ్వుతూ. అరవై ఏళ్ళ మనిషి, తెల్లటి చొక్కా, నుదుట విభూతి. ఆయన భార్య మునిరత్నమ్మ గుమ్మంలోనే ముగ్గురి చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. డాక్టరు పిల్లలు ఎవరని అడిగింది. పవిత్ర ముగ్గురమూ అంది. మునిరత్నమ్మ ముగ్గురి మొహాల్లోకీ చూసి, ఎందుకో రూపశ్రీ చెయ్యి మాత్రం వదల్లేదు.

చేతులు కడుక్కోవడానికి పెరటివైపు వెళ్తూ రూపశ్రీ ఆ గది చూసింది. తలుపు తీసే ఉంది. చిన్న గది, ఒక నవారు మంచం, దాని మీద ఒక ఆడమనిషి పక్కకు తిరిగి పడుకుని ఉంది. నల్లటి దుప్పటి తలదాకా కప్పుకున్నట్టుంది. ఇంట్లో పెద్దవాళ్ళెవరో అనుకుని రూపశ్రీ నమస్కారం పెట్టబోయింది.

దుప్పటి కదిలింది. మనిషి కదిలితే దుప్పటి కదిలినట్టు కాదు. దుప్పటి తనంతట తనే, అంతటా ఒకేసారి, సన్నగా మెదిలింది.

ఈగలు.

వెనకనుంచి మునిరత్నమ్మ వచ్చి తడి తువ్వాలు విసిరింది. ఝుమ్మని ఒక్కసారిగా లేచాయి. మంచం మీద ఎవరూ లేరు. ఉతికిన తెల్ల దుప్పటి, మడత నలగకుండా పరిచి ఉంది. మునిరత్నమ్మ దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రూపశ్రీ చూస్తుండగానే ఈగలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మొదట తల దగ్గర. తర్వాత భుజం, నడుము, ముడుచుకున్న మోకాళ్ళు. చివరికి కుడి పాదం దగ్గర, ఒకదాని మీద ఒకటి ఎక్కి, పిడికిలంత ముద్దగా... ఆ ముద్ద ఉడుకుతున్న గంజిలా కదులుతోంది.

భోజనాల దగ్గర దేవరాజులు ఆ గదికి వీపు పెట్టి కూర్చున్నాడు. రూపశ్రీ ఈగల సంగతి అడిగితే, ఫ్యాక్టరీ పక్కన ఉండాము కదమ్మా అని మాట తుంచేశాడు. మునిరత్నమ్మ మామిడిపండ్లు కోసి పెట్టింది. ముక్క నోట్లో పెట్టుకుంటే అది మెత్తగా, గోరువెచ్చగా, నాలుక మీద జారింది. తాను దాన్ని కొరికినట్టు కాక, అదే తన నాలుకను తడిమినట్టు అనిపించింది రూపశ్రీకి. మింగింది. పరాయి ఇంట్లో ఉమ్మేయడం మర్యాద కాదని మింగింది.

నాలుగు గంటలకు పవిత్ర, భవిత బజారుకు తయారయ్యారు. రూపశ్రీ అప్పటికి రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆమెను పడుకోమని, సినిమా మానేసి ఏడున్నరకల్లా వచ్చేస్తామని చెప్పి ఇద్దరూ దేవరాజులుతో పాటు బయల్దేరారు. ఆయన దుకాణం తెరవాలి. ఇంట్లో రూపశ్రీ, మునిరత్నమ్మ మిగిలారు.

మునిరత్నమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది. అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

ఆ మంచం పెంచలమ్మది. దేవరాజులు చెల్లెలు. మొగుడు పోయాక అన్న ఇంటికి వచ్చింది. సీజన్లో ఫ్యాక్టరీకి వెళ్ళి కాయలు కోసేది. అయిదేళ్ళ కిందట ఒకరోజు తొక్కల మీద జారి కుడికాలికి కత్తి దిగింది. చక్కెర జబ్బు ఉన్న మనిషి. గాయం మానలేదు. ఈగల కాలం. పుండులో పురుగు పడింది. మొదటివారం ఆస్పత్రికి తీసుకుపోదామనుకున్నారు. ఆటోవాడు ఆ వాసనకు ఎక్కించుకోనన్నాడు. ఇంటికి చుట్టాలు రావడం మానేశారు. దేవరాజులుకు అన్నం సయించేది కాదు. ఆమెను ఆ గదిలో పెట్టి తలుపు దగ్గరికి వేశారు. కంచం కర్రతో లోపలికి నెట్టేవాళ్ళు. తర్వాత అదీ లేదు. చివరి మూడు రోజులు ఆ తలుపు తియ్యనే లేదు.

"పిలస్తానే ఉన్నింది," అంది మునిరత్నమ్మ. "వదినా, కాలు కడుగు అని. ఒకే మాట. నేను టీవీ సౌండు పెంచినాను."

కన్నీళ్ళేమీ లేవు ఆమె కళ్ళల్లో. కర్మకాండలన్నీ చేశాం, దానాలు చేశాం, అయినా కాయల కాలం రాగానే ఈగలు వస్తాయి, ఆ మంచం మీదే వాలతాయి, అని చెప్పుకుపోయింది. తువ్వాలు విసిరి విసిరి చెయ్యి పడిపోయిందని చెప్పింది. తర్వాత రూపశ్రీ మోకాలి మీద చెయ్యి వేసింది.

"నువ్వు డాక్టరు సదువుతుండావు కదా. ఒక్కసారి ఆ కాలు కడుగు పాపా. మా చేత కావడం లేదు. అసయ్యం."

తాను పశువుల డాక్టరునని రూపశ్రీ చెప్పింది. దాన్ని మేము పశువుకన్నా హీనంగానే చూసినాములే అంది మునిరత్నమ్మ. నావల్ల కాదండీ అని రూపశ్రీ చేతులు జోడించింది. మునిరత్నమ్మ సరేనని లేచింది. దేవుడి దగ్గర నుంచి కర్పూరం పొట్లం, వంటింట్లోంచి కొబ్బరినూనె గిన్నె, ఒక ఖాళీ స్టీలు గిన్నె తెచ్చి ఆ గది గడప మీద పెట్టింది. గుడిలో దీపం పెట్టి వస్తానని బయటికి నడిచింది. వీధి తలుపు మూసుకుంది. బయటనుంచి గడియ పడిన చప్పుడు రూపశ్రీకి స్పష్టంగా వినిపించింది.

ఆరున్నరకు కరెంటు పోయింది.

ఫ్యాను ఆగిపోయింది. ఫ్యాక్టరీ మోత కూడా ఆగిపోయింది. అప్పటిదాకా ఆ మోత కింద దాక్కున్న ఈగల రొద ఒక్కటే మిగిలింది. రూపశ్రీ వీధి తలుపు లాగింది. కిటికీలోంచి కేక వేసింది. వీధిలో ఎవరూ లేరు. పవిత్రకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది. వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. మసక ఎర్రగా, కుళ్ళిన పండు రంగులో, పెరటి కిటికీలోంచి లోపలికి పడుతోంది.

అప్పుడు ఈగల రొద ఆగిపోయింది.

ఒక్క చప్పుడు లేదు.

వాసన మొదలైంది. ఇది మామిడి వాసన కాదు. క్లినిక్‌లో గోడ చాటుకు పరుగెత్తించే వాసన. తీపి, చీము, తడిసిన తోలు... అన్నీ కలిసినది. అది నడవలోకి వచ్చి రూపశ్రీ మొహం మీద గుడ్డలా పడింది.

"పాపా..."

గుసగుస. పెదాలు ఎండిపోయిన మనిషి గొంతు.

"పాపా... కాలు."

రూపశ్రీ చెవులు మూసుకుంది. గోడకు ఆనుకుని నిలబడింది. మూసుకున్న చెవుల్లోకి కూడా ఆ మాట వచ్చింది. కాలు... కాలు... కోపం లేదు అందులో. బెదిరింపు లేదు. అదే తట్టుకోలేకపోయింది రూపశ్రీ. మూడు రోజులు ఇదే గొంతు ఇట్లాగే పిలిచి ఉంటుంది. ఈ గోడకే ఆనుకుని ఇద్దరు మనుషులు టీవీ చూశారు.

పవిత్ర సంచిలో కనుబొమ్మలు సరిచేసుకునే చిన్న చిమటా ఉందని గుర్తొచ్చింది. తీసుకుంది. చున్నీ ముక్కుకు బిగించి కట్టుకుంది. ఫోన్ లైటు వేసుకుని గడప దాటింది.

ఈగలు గోడల నిండా ఉన్నాయి. కదలకుండా. మంచం మీద ఏమీ లేదు. కానీ నవారు మధ్యలో కిందికి జారి ఉంది. దుప్పటి మీద మనిషి బరువు పడిన గుంట ఉంది.

రూపశ్రీ మంచం చివర నేల మీద కూర్చుంది. పురుగులు బయటికి రావడానికి క్లినిక్‌లో చేసినట్టే, కర్పూరం నలిపి నూనెలో కలిపింది. చెయ్యి చాచింది. గాలిలో, దుప్పటికి బెత్తెడు ఎత్తున, వేళ్ళకు ఒక మడమ తగిలింది.

చల్లగా ఉంది. మెత్తగా ఉంది. బాగా ముగ్గిన పండును తొక్కమీద నొక్కినట్టు, వేళ్ళు లోపలికి దిగాయి. లోపల... కదులుతోంది. అంతా కదులుతోంది.

చున్నీలోపలే వాంతి అయింది. చున్నీ తీసి పారేసింది. మళ్ళీ చెయ్యి పెట్టింది.

నూనె పోసింది. గాలిలో పోసిన నూనె కింద పడలేదు. ఎక్కడో నిలిచి, ఇంకిపోయింది. ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత తెల్లగా, లావుగా ఒక పురుగు శూన్యంలోంచి తల బయటికి పెట్టింది. కనిపించని మాంసంలోంచి, మెలికలు తిరుగుతూ. రూపశ్రీ చిమటాతో పట్టుకుని లాగింది. అది సాగింది, వదిలింది. గిన్నెలో వేస్తే టప్పుమంది.

ఇంకొకటి. ఇంకొకటి. రెండు, నాలుగు, పది... ఒక్కొక్కటి బయటికి వచ్చినప్పుడల్లా మంచం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు వినిపించింది. కొన్ని ఆమె మణికట్టు మీదికి పాకాయి. ఒకటి గోటి సందులో దూరబోయింది. రూపశ్రీ ఏడుస్తూ ఏరింది. కక్కుతూ ఏరింది. కొంతసేపటికి ఏడుపూ ఆగింది, కక్కూ ఆగింది. చేతులు మాత్రం పని చేస్తున్నాయి. గిన్నె సగం నిండింది.

"చాలు పాపా."

ఆమె చెయ్యి ఆగింది.

"చాలు. ఇంక నడస్తా."

నవారు కిర్రుమంది. మంచం మీది గుంట మెల్లగా పైకి లేచి చదునైంది. నేల మీద తడి పాదం ఆనిన చప్పుడు. ఒకటి. ఆగి, ఇంకొకటి. రూపశ్రీ పక్కనుంచి, ఆమె జుట్టును ఏదో తాకుతూ, నడవలోకి వెళ్ళాయి ఆ అడుగులు. వంటింటి వైపు.

పవిత్ర, భవిత, దేవరాజులు వచ్చేసరికి ఏడున్నర. అప్పుడే మునిరత్నమ్మ కూడా వచ్చి గడియ తీసిందట. ఖాళీ మంచం దగ్గర చిమటా పట్టుకుని కూర్చున్న రూపశ్రీని చూసి పవిత్ర ముందు నవ్వబోయింది. తర్వాత గిన్నెలోకి లైటు కొట్టింది. భవిత బయటికి పరుగెత్తింది. గిన్నెలోవి బతికే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి మెసలుతూ, అంచు ఎక్కడానికి చూస్తున్నాయి. మునిరత్నమ్మ ఆ గిన్నెను రెండు చేతులా తీసుకుని, ప్రసాదం పట్టుకున్నట్టు పట్టుకుని పెరట్లోకి పోయింది. కట్టెల పొయ్యి వెలిగించిన వాసన వచ్చింది. దేవరాజులు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆయన చూపు మంచం మీద లేదు. నేల మీద ఉంది. గదిలోంచి వంటింటి దాకా పోయిన తడి అడుగుల మీద.

ఆ రాత్రి ముగ్గురూ ముందుగదిలో లైటు వేసుకుని కూర్చున్నారు. తెల్లారాక మొదటి బస్సు ఎక్కారు. కాణిపాకం మాట ఎవరూ ఎత్తలేదు. ఇల్లు దాటేటప్పుడు రూపశ్రీ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఒక్క ఈగ లేదు. చంద్రగిరి దాటేసరికి ఆమెకు లోపల ఏదో తేలికగా అనిపించింది. తన చేతులతో ఒక ప్రాణికి బాధ తీర్చానన్న తేలిక. చేతులు ఎన్నిసార్లు సబ్బుతో తోమినా వాసన పోలేదు కానీ, ఆ తేలిక మాత్రం బుధవారం దాకా ఉంది.

బుధవారం సాయంత్రం మునిరత్నమ్మ ఫోన్ చేసింది. వెనక టీవీ మోత చెవులు పగిలేటట్టు ఉంది. పెంచల తిరుగుతోందని చెప్పింది. వంటింట్లో గిన్నెలు సర్దుతోందట, పొద్దున్నే ముగ్గు కూడా వేసిందట. మాట మామూలుగానే ఉంది. దేవరాజులు ఎట్లా ఉన్నారని రూపశ్రీ అడిగింది.

"కాలికి చిన్న దెబ్బ తగిలినాది. ఆ గదిలో పడుకోనుండాడు. పెంచల నన్ను దగ్గరికి పోనియ్యడం లేదు."

ఆస్పత్రికి తీసుకువెళ్ళమని రూపశ్రీ అరిచినంత పని చేసింది. టీవీ మోతను దాటి, ఎక్కడో లోపలినుంచి, మగ గొంతు ఒకటి నీళ్ళనో, కాళ్ళనో అంటోంది.

"అది ఆ గది తలుపు లోపలినుంచి వేసుకోనుండాదమ్మా," అంది మునిరత్నమ్మ. ఫోన్ ఆగిపోయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు.

పవిత్ర భయపడి నాయనకు ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పలేక, దేవరాజులు మామకు బాగాలేదంట, పోయి చూడు అని మాత్రం చెప్పింది. శుక్రవారం మునిచంద్ర చిత్తూరు వెళ్ళి, అక్కడినుంచి నేరుగా తిరుపతి వచ్చాడు. హాస్టల్ ముందుగదిలో కుర్చీలో కూర్చుని, తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. పవిత్ర, రూపశ్రీ ఎదురుగా కూర్చున్నారు.

కంగారు పడాల్సిందేమీ లేదన్నాడు. ఇల్లు అద్దంలా ఉంది, అంత కాయల సీజన్లో ఒక్క ఈగ లేదు అన్నాడు. ఇన్నేళ్ళ పరిచయంలో దేవరాజులుకు ఒక చెల్లెలు ఉందని తనకు తెలీనే తెలీదని ఆశ్చర్యపోయాడు. కొంచెం కుంటుతుందట కానీ మంచి మనిషట. గుమ్మం దగ్గరే కూర్చోబెట్టి మర్యాద చేసిందట.

"మామను చూసినావా?" అంది పవిత్ర.

"లోపల పండుకోనుండారంట ఇద్దరూ. ఇప్పుడే తినిపించినాను, లేపొద్దులే అనింది."

ఇద్దరూ అన్న మాట దగ్గర రూపశ్రీ పవిత్ర చెయ్యి పట్టుకుంది. మునిచంద్ర అది గమనించలేదు. మామిడిరసం తీసి ఇచ్చిందని, అంత రుచి ఎన్నడూ ఎరగనని, ఒక గ్లాసుతో ఆపలేక రెండు తాగానని చెబుతున్నాడు. సముద్రం అవతలినుంచి వచ్చిన పాప ఎట్లా ఉందని అడిగిందట. ఆ పాప చెయ్యి మంచిదని చెప్పిందట.

చెబుతూనే ఆయన నాలుకతో దవడ పన్ను దగ్గర ఏదో కెలుక్కుంటున్నాడు. ఈ పీచు ఒకటి, పొద్దుట్నుంచి పంటిసందులో ఇరుక్కుని రావడం లేదు, అని గోటితో లాగాడు. వచ్చింది. సన్నగా, తెల్లగా. దాన్ని బల్ల అంచున పెట్టి, చెయ్యి తువ్వాలకు తుడుచుకుని, నీళ్ళు ఉంటే ఇమ్మన్నాడు.

పవిత్ర లేవలేదు. రూపశ్రీ లేవలేదు. ఇద్దరూ బల్ల అంచునే చూస్తున్నారు.

పీచు మెల్లగా ముడుచుకుంది. మళ్ళీ సాగింది.